ఎదుటి మూడిళ్లు

మా నాన్న పోయిన రోజు మా అమ్మ పొయ్యి ముట్టుకోలేదు. ముట్టుకోనివ్వలేదు. మా ఒకెమాచిలో ఒక ఇంట్లో చావు జరిగితే, శవప్పెట్టె లేచేదాకా ఆ ఇల్లు ఎదుటి మూడిళ్లదీ, పక్క రెండిళ్లదీ. ఎదుటి టోఫు అంగడి ఫుసా పెద్దమ్మ చొక్కా చేతులు తాడుతో భుజాలదాకా ఎగగట్టుకుని వచ్చి, మా అమ్మ చేతిలో గరిటె లాక్కుంది.

"నువ్వు పోయి ఆయన పక్కన కూర్చో, ఇతో. ఇవాళ ఈ వంటిల్లు నాది."

ఆవిడ కొడుకు గెన్‌సుకె, మంగలి తోరకిచి కలిసి చుట్టాలకి కబురు చెప్పడానికి వెళ్లారు. చావు కబురు ఒక్కడే మోసుకెళ్లకూడదు, ఇద్దరుండాలి. గొడుగుల ముసలాయన గుమ్మం దగ్గర కూర్చుని వచ్చేపోయేవాళ్లని చూసుకున్నాడు. మర్నాడు వాళ్లే పెట్టె మోశారు. గుమ్మం దాటించి, వీధి నడిమధ్యకి తెచ్చి, అక్కడ కాసేపు ఆపారు. ఇటువైపు వాళ్లూ అటువైపు వాళ్లూ తలలు వంచాక అప్పుడు కదిలింది.

ఆ సాయంత్రం అమ్మా, ఫుసా పెద్దమ్మా మా అరుగు మీద టీ తాగుతూ ఒక ఒప్పందానికొచ్చారు. ముందు ఎవరు పోతే రెండోవాళ్లు వచ్చి గరిటె పట్టుకోవాలి.

మన దేశంలో ఒలింపిక్స్ జరిగిన ఏడు, ఆకులు రాలే కాలంలో మా అమ్మకి కడుపులో గడ్డ అని డాక్టరు తేల్చాడు. మంచు కరిగేదాకా ఉంటే గొప్పే అన్నాడు. అమ్మ ఏడవలేదు. ఇంటికొచ్చి, వీధి వైపున్న ముందుగదిలో పరుపు వేయించుకుని, చెక్క జాలీలోంచి ఎదురుగా టోఫు అంగడి కనబడేట్టు తలగడ సర్దించుకుంది.

"ఫుసాకి చెప్పు, గరిటె తోమి పెట్టుకోమని," అంది.

అంతే అడిగింది. డెబ్బై నాలుగేళ్లు బతికిన మనిషి నన్ను అడిగింది అదొక్కటే.

*

ఒకెమాచి అంటే చెక్క తొట్లవాళ్ల వీధి. మూడొందల ఏళ్ల కిందట కోటలో దొర తొట్లు చేసేవాళ్లని తెచ్చి, ఎదురుబొదురుగా కూర్చోబెట్టి, మధ్య నేలంతా పని చేసుకోవడానికి వదిలేశాడట. కాబట్టి వీధి అంటే మాకు ఇళ్ల ముందు పోయే దారి కాదు. వీధే ఊరు. ఇళ్లు దాని గోడలు. అడ్డంగా ఎనిమిది అంగలుండేది. నాన్న దేవదారు పలకలు మధ్యలో ఆరబెడితే, ఎదుటివాళ్లు వాటిని దాటుకుంటూ, తిట్టుకుంటూ వచ్చేవాళ్లు. ఎండాకాలం బల్లలు మధ్యలోనే. చలికాలం రెండు వైపుల కప్పుల మీది మంచూ మధ్యలోకే తోసేవాళ్లం. ఆదివారం రెండు వైపులా కలిసి దాన్ని చివరనున్న కాలవలోకి ఎత్తిపోసి, బియ్యపు సారా సాకే వేడిగా తాగి, ముల్లంగి ఉడకేసుకుని తినేవాళ్లం.

నా కాలానికి ఆ వీధిలో తొట్లు చేసేవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను. ప్లాస్టిక్ బకెట్లొచ్చాక తొట్లెవడిక్కావాలి? పన్నెండో ఏట బడి మానిపించి నాన్న నన్ను ఉలి ముందు కూర్చోబెట్టాడు. ముప్ఫై ఎనిమిదో ఏటికి నా చేతిలో ఉన్న విద్య ఎవరికీ అక్కర్లేనిదై కూర్చుంది. ఏడాదికి నాలుగో అయిదో, సోయా ముద్ద మిసో ఊరబెట్టే తొట్లు, గెన్‌సుకె అంగట్లో సోయా నానబెట్టే తొట్లకి బాగుసేత. అదీ నా వ్యాపారం.

ఆ ఏడు వీధి పెద్దరికం వంతు నాది. పెద్దరికమంటే పెద్దగా ఏం లేదు, కబురట్ట తిప్పడం. పట్నం ఆఫీసు నుంచి వచ్చిన కాగితాలు ఒక అట్టకి గుచ్చి ఇస్తారు. ఈ ఇల్లు చదివి ముద్ర వేసి పక్కింటికిస్తుంది, పక్కిల్లు ఎదుటింటికి. దోమల మందెప్పుడు కొడతారు, బళ్లో సూదులెప్పుడు వేస్తారు, అవే. నిజానికి ఎవడూ చదవడు. చూశామని ముద్ర కొట్టి పంపడమే. అందుకని ప్రతి ఇంట్లో గుమ్మం పక్కన మేకుకి చిన్న సంచీలో, సంతకానికి బదులు కొట్టే పేరు ముద్ర వేలాడుతూ ఉంటుంది. పార్సిలువాడికైనా అట్టకైనా అదే.

అక్టోబరులో ఒక శుక్రవారం అట్ట వచ్చింది. ఈసారి కాగితం మందంగా ఉంది, అక్షరాలు ఆఫీసు అక్షరాలు. మొదటి వరుసలోనే నాకు రాని మాటలు మూడున్నాయి. నివాస సూచిక, సవరణ, ఇంకేదో అని తర్వాత తెలిసింది. కింద ఇరవై మూడిళ్ల పేర్లు, పక్కన గళ్లు. సోమవారం ఆఫీసుకి ఇచ్చేయాలన్నారు. ఆ రాత్రేమో ఆడవాళ్ల వాలీబాల్ ఫైనల్. వీధి మొత్తానికి టీవీ తోరకిచి మంగలి షాపులోనే ఉండేది. ఆరింటికే జనం చేరిపోయారు. ఇంటింటికీ అట్ట పంపి ఎప్పటికయ్యేను అని నేనే పట్టుకుని బయల్దేరాను.

"ఏమిట్రా ఇది కిసా?" అన్నాడు గొడుగుల ముసలాయన.

"ఎప్పుడూ ఉండేదే. కొట్టండి."

"టీవీకి చోటు పట్టావా?"

"మీ పక్కనే కూర్చుంటా, కొట్టండి ముందు."

ముప్పావు గంటలో ఇరవై రెండిళ్లు అయిపోయాయి. టోఫు అంగట్లో ఎవరూ లేరు. గెన్‌సుకె అప్పటికే షాపులో ముందు వరసలో కూర్చుని అరుస్తున్నాడు. ఫుసా పెద్దమ్మ మోకాళ్ల నొప్పులకి వేడినీళ్ల బుగ్గలున్న ఊరు వెళ్లింది, వారం దాకా రాదు. ఇల్లు ఇంకా ఆవిడ పేరు మీదే. ముద్ర సంచీ మేకుకి ఉంది. నేను తీసి, ఇంకు అద్ది, గడిలో కొట్టాను. పనివాడి చెయ్యి కదా, చక్కగా నిటారుగా పడింది.

తర్వాత వెళ్లి కూర్చున్నాను. మనవాళ్లు గెలిచారు. తోరకిచి ఏడ్చాడు. గెన్‌సుకె నా మెడ చుట్టూ చెయ్యేసి ఊపేశాడు. నా జీవితంలో మిగిలిన మంచి సాయంత్రాల్లో అదే ఆఖరిది.

*

డిసెంబరు రెండో వారంలో ఆఫీసు కుర్రాడొకడు, ఇద్దరు పనివాళ్లతో వచ్చాడు. చేతిబండి నిండా పచ్చరంగు రేకు ముక్కలు. మా వైపు ఇళ్లకి కొడుతున్నారు: 'చూవో మూడు, ఏడో బ్లాకు'. ఎదురుగా కొడుతున్నారు: 'మిడోరి ఒకటి, రెండో బ్లాకు'.

గెన్‌సుకె సోయా తొక్కు అంటిన చేతులతోనే బయటికొచ్చాడు.

"ఏం బాబూ, మిడోరి ఏమిటి? మిడోరి అంటే పచ్చదనం. ఇక్కడ చెట్టు కాదు కదా, కుండీలో మొక్క కూడా లేదు."

"కమిటీ పెట్టిన పేరండీ. వినడానికి హాయిగా ఉంటుందని."

"మరి వాళ్లది చూవో ఎందుకైంది? నడిపట్నంలో ఉన్నట్టు?"

"పెద్దరోడ్డు వైపు బ్లాకు కదండీ అది."

"ఎదురుగా ఉన్నాం కదయ్యా! ఇక్కణ్ణించి ఉమ్మితే వాడి గుమ్మంలో పడుతుంది."

కుర్రాడు ఓపికగా మ్యాపు తెరిచాడు. కొత్త పద్ధతిలో వీధి అనేది హద్దు. నాలుగు వీధుల మధ్య ఉన్న ఇళ్లన్నీ ఒక బ్లాకు. వీపు వీపు ఆనుకున్నవన్నీ ఒక ఊరు. అంబులెన్సు, ఫైరింజను, పోస్టుమాన్ దారి తప్పకుండా ఉండాలంటే ఇదే మార్గం.

"మా పోస్టుమాన్‌కి మా పిల్లుల పేర్లు కూడా తెలుసు," అన్నాడు తోరకిచి. "వాడు దారి తప్పేది సాకే అంగడి దగ్గరొక్కటే."

"వీధి హద్దు ఎలా అవుతుంది?" అన్నాడు గెన్‌సుకె. ఈసారి నవ్వడంలేదు. "వీధి మధ్యన కదా ఉండేది."

"మీరంతా సమ్మతించారు కదండీ," అన్నాడు కుర్రాడు. "ఇరవై మూడిళ్లూ."

"ఎప్పుడు?"

"అట్ట మీద. అక్టోబరులో."

అందరూ నా వైపు చూశారు. "ఎప్పట్లాగే కొట్టించాను," అన్నాను. "మీరూ చదవలేదు, నేనూ చదవలేదు." అది నిజమే. ఎవరి ముద్ర వాళ్లు కొట్టారు మరి. ఇంతలో గొడుగుల ముసలాయన ఇంటికి పనివాడు రేకు తలకిందులుగా కొట్టాడు. తోరకిచి పగలబడి నవ్వాడు.

"ఫుసా పెద్దమ్మ ముద్ర కొట్టినట్టు కొట్టాడ్రోయ్!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కాస్త ఆలస్యంగా. ఆ మాట నాకు అప్పుడే గుర్తొచ్చింది. పెద్దమ్మకి అక్షరం రాదు. ముద్ర ఎటు పైకో తెలీదు. పెళ్లయి వచ్చిన దగ్గర్నించీ తలకిందులుగానే కొడుతుంది. మా వీధిలో అదొక పాత వేళాకోళం.

లోపల్నించి అమ్మ అడిగింది, ఆ కొట్టుడేమిట్రా అని.

"ఇంటికి నంబరు రేకు అమ్మా."

"నంబరెందుకు? పేరుందిగా."

*

జనవరి ఒకటో తారీకున పాత పేరు పోయింది. ఒకెమాచి అని రాసిన కొత్త సంవత్సరం కార్డులు, మా పిన్ని అమ్మకి పంపినదాంతో సహా, ఎర్రగా గీత పడి వెనక్కి వెళ్లిపోయాయి. ఆ కార్డులు కూడబెట్టి మా పోస్టుమాన్ దొంగతనంగా తెచ్చిచ్చేవాడేమో కానీ, వాడినీ వేరే వాడకి మార్చారు.

మంచు పదో తారీకున మొదలైంది. నాలుగు రోజులు ఆగకుండా పడింది. ఎప్పట్లాగే రెండు వైపులా కప్పులెక్కి మధ్యలోకి తోశాం. ఆదివారం పారలు పట్టుకుని బయటికొచ్చేసరికి మా వైపు లారీ ఉంది. చూవో మూడు సంఘం పెద్ద, పెద్దరోడ్డులో మందుల షాపు హిరసావా గారు, కొత్త బూట్లేసుకుని నిలబడి ఉన్నారు. ఆయన్ని నేను అంతవరకు దగ్గులమందు కొన్నప్పుడే చూశాను.

"ఇకనుంచి మీరు పారలు పట్టుకోనక్కర్లేదు కిసబురో గారూ. మన సంఘానికి లారీ ఉంది."

లారీ పనివాళ్లు వీధి మధ్యలో తాడు లాగి పట్టుకున్నారు. తాడుకి ఇటువైపు మంచంతా ఎత్తి లారీలో పోశారు. తాడు దగ్గర ఆగిపోయారు.

గెన్‌సుకె అటువైపు నుంచి అరిచాడు. "ఒరేయ్ బాబూ, సగం గిన్నె తోమి వదిలేస్తారా?"

"మా కాగితంలో ఇక్కడిదాకే ఉందండీ."

"కిసా, నువ్వు చెప్పు."

నేను హిరసావా గారి వైపు చూశాను. ఆయన గొంతు తగ్గించి, "మిడోరి వాళ్లకి వాళ్ల సంఘం ఉందిగా. మనం చేస్తే వాళ్లకి అవమానం," అన్నారు. అంత మర్యాదగా అన్న మాటకి తల ఊపాను. పార గోడకి ఆనించాను. మిడోరి ఒకటికి సంఘమే ఇంకా ఏర్పడలేదు. ఇరవై మూడిళ్ల చేతుల పని పదకొండిళ్ల మీద పడింది, అందులో సగం ముసలివాళ్లు. గోడలాగ కోసేసిన మంచు అటు సగంలో నిలబడిపోయింది. మళ్లీ కురిసింది. మళ్లీ లారీ వచ్చి మా సగం ఎత్తుకుపోయింది. నెలాఖరుకి ఆ గోడ మనిషికంటే ఎత్తయింది. ఇటువైపు నుంచి టోఫుకి వెళ్లేవాళ్లు వీధి చివరిదాకా పోయి తిరిగి రావాలి. ఎవరు తిరుగుతారు? పెద్దరోడ్డు సూపర్‌మార్కెట్లో ప్లాస్టిక్ డబ్బాలో టోఫు దొరుకుతోంది.

అమ్మ తలగడ మీద తల అటు తిప్పి, జాలీలోంచి తెల్లటి గోడని చూసేది.

"ఫుసా తలుపు తీసిందా?"

"తీసిందమ్మా," అనేది నా భార్య హరుయె. ఆమెకీ కనబడేది కాదు.

*

అమ్మకి దిగుతున్నది మెత్తటి టోఫు ఒక్కటే. మూడు రోజులకోసారి గెన్‌సుకె ఆ గోడెక్కి, దిగి, గిన్నె తెచ్చేవాడు. తమాషాకి ప్రతిసారీ గుమ్మంలో నిలబడి, "మిడోరి దేశం నుంచి రాయబారిని వచ్చాను," అనేవాడు. అమ్మ నవ్వేది. నవ్వితే నొప్పి వచ్చి తిట్టేది.

ఫిబ్రవరి మొదట్లో ఒక మధ్యాహ్నం ఆ మాట అనకుండా లోపలికొచ్చాడు. అమ్మ నిద్రపోతోంది. నేను ఉలి సానపెడుతున్నాను. బూట్ల మంచు దులుపుకుని నా ఎదురుగా పలకల కట్ట మీద కూర్చున్నాడు.

"నిన్న ఆఫీసుకెళ్లాను."

"ఊఁ."

"కాగితం చూపించారు. ఒక్క ఇల్లు ముద్ర కొట్టకపోయినా అందర్నీ పిలిచి అడిగేవాళ్లట. అలా అడిగితే సాకే అంగడి వీధివాళ్లు మాకొద్దన్నారట, వాళ్లది అలాగే వదిలేశారు. పాత పేరుతోనే ఉన్నారు."

నేను సానరాయి మీద నీళ్లు చల్లాను.

"ఇరవై మూడు ముద్రలున్నాయి కిసా. అన్నీ చూశాను. మా ఇంటిది నిటారుగా ఉంది."

బయట కప్పు మీంచి మంచు పెళ్ల ఒకటి జారి ధబ్బుమని పడింది. నేను ఉలిని అటు తిప్పి ఇటు తిప్పి వెలుగులో చూసుకున్నాను. చెప్పొచ్చు. ఆట మొదలైపోతుందని కొట్టానురా అంటే సరిపోయేది. ముక్కు మీద ఒక్కటి గుద్ది, మర్నాడు ఇద్దరం కలిసి ఆఫీసుకెళ్లేవాళ్లం. వాడు అలాంటి మనిషి. అది నాకు తెలుసు. తెలిసీ చెప్పలేదు. బడి మానేసినవాడు కాగితం దగ్గర పడ్డ సిగ్గు ఇంకొకడికి చెప్పుకోలేడు. ఆ చదవలేని కాగితం నా చేతిలో పెట్టుకుని, వీధంతా తిరిగి, చదివినట్టు మొహం పెట్టాను కదా.

"పెద్దమ్మ ఈసారి సరిగ్గా కొట్టిందేమో," అన్నాను.

గెన్‌సుకె నన్ను కొంచెంసేపు చూశాడు. కోపం లేదు. ముక్కలు కోసిన టోఫులో పగులు కనబడితే చూసినట్టు చూశాడు.

"మా అమ్మ ఆ వారం వేడినీళ్ల ఊళ్లో ఉంది," అన్నాడు.

లోపల అమ్మ మేలుకుంది. "గెన్ వచ్చాడా?"

"వచ్చాను పెద్దమ్మా."

"ఫుసా గరిటె పట్టుకోగలదా? మోకాళ్లు వంగుతున్నాయా?"

వాడు లేచి, గిన్నె ఆమె తల పక్కన పెట్టాడు. "పట్టుకుంటుందిలే పెద్దమ్మా. పిలిస్తే వస్తుంది."

ఆ తర్వాత వాడు మా గుమ్మం ఎక్కలేదు. మూడు రోజులకోసారి గిన్నె మాత్రం మంచుగోడ మీద, సరిగ్గా తాడు గీసిన చోట, ఉండేది. హరుయె స్టూలేసుకుని తెచ్చేది. ఖాళీ గిన్నె కడిగి మళ్లీ అక్కడే పెట్టేది.

"ఏం జరిగింది మీ ఇద్దరికీ?" అని ఒకసారి అడిగింది.

"మంచు," అన్నాను.

*

అమ్మ ఫిబ్రవరి ఇరవయ్యో తారీకున, మేం అన్నం తినే వేళకి పోయింది. హరుయె చేతిలో చాప్‌స్టిక్స్ కింద పెట్టేసి నా వైపు చూసింది. మామూలుగా అయితే చావు కాగితం తలుపుకి అంటిస్తే చాలు. ఎదుటివాళ్లు చూస్తారు, వస్తారు. నేను అంటించాను. ఎదురుగా తెల్లటి గోడ ఉంది. గోడ ఏం చూస్తుంది?

గంటలో హిరసావా గారు వచ్చారు. డాక్టరు ఫోన్ చేశాడట. సంతాపపు మాటలు చాలా చక్కగా చెప్పారు.

"ఏర్పాట్లన్నీ మన ఏడో బ్లాకు చూసుకుంటుంది. మీరేమీ కదలొద్దు."

ఏడో బ్లాకంటే మా వెనక వీధి వాళ్లు. తరతరాలుగా వీపులు ఆనించుకుని బతికాం. వాళ్ల దండేల మీది బట్టలు తెలుసు, వాళ్ల మరుగుదొడ్డి తలుపు చప్పుడు తెలుసు. మొహాలు తెలీవు. నలుగురు ఆడవాళ్లొచ్చి మా వంటింట్లో నిలబడి ఉప్పెక్కడుంది, మిసో ఎక్కడుంది అని హరుయెని గుచ్చిగుచ్చి అడిగారు. మంచివాళ్లే. ఒకావిడ మా అమ్మ పేరడిగింది.

మర్నాడు తెల్లారి తలుపు తీశాను.

కబురు ఎవరు చేరేశారో, మంచుగోడలో దారి ఉంది. టోఫు అంగడి గుమ్మం నుంచి సూటిగా, ఇద్దరు పక్కపక్కన నడిచేంత వెడల్పున, రెండు పక్కలా కత్తితో కోసిన టోఫులా నున్నగా చెక్కి ఉంది. వాడు మూడింటికి లేస్తాడు, సోయా రుబ్బడానికి. ఆ రోజు రుబ్బినట్టు లేడు, పొయ్యి పొగ కనబడలేదు. ఆ దారి వీధి మధ్యదాకా వచ్చి, తాడు గీసిన చోట ఆగిపోయింది. అక్కణ్ణించి మా గుమ్మానికి నేల శుభ్రంగానే ఉంది, లారీ ఎత్తేసింది కదా. నాలుగంగలు.

ఆ దారి అవతలి కొసన, తీసిన తలుపులో, ఫుసా పెద్దమ్మ మెట్టు మీద కూర్చుని ఉంది. చొక్కా చేతులు తాడుతో భుజాలదాకా ఎగగట్టి ఉన్నాయి. ఒళ్లో గరిటె. గెన్‌సుకె ఆవిడ వెనక నిలబడి ఉన్నాడు. మంగలి తోరకిచి కూడా ఉన్నాడు, చావు కబురుకి వెళ్లేవాడు తొడిగే నల్ల కోటులో.

హరుయె నా వెనక్కొచ్చి నిలబడింది.

"వెళ్లండి," అంది. "ఏముందో నాకు తెలీదు. వెళ్లి ఒక్క మాట చెప్పండి. ముసలావిడ చలిలో కూర్చుంది."

"మైలలో ఉన్నాం. ఒకరి గడప తొక్కకూడదు."

"వీధి గడపా?"

వీధి గడప ఎప్పుడైందో నాకు తెలుసు, ఎవడు చేశాడో కూడా తెలుసు. చెప్పులు కూడా తొడుక్కున్నాను. ఒక కాలు బయటపెట్టాను. గెన్‌సుకె తల కొంచెం ఎత్తాడు. అప్పుడు వీధి మొదట్లో హిరసావా గారు, ఆయన వెనక పెట్టె మోయడానికి ఆరుగురు తెల్ల చేతి తొడుగుల వాళ్లు కనబడ్డారు. "తొందరగా వచ్చేశాం, మళ్లీ మంచు పడేట్టుంది," అన్నారు. నేను వాళ్లకి వంగి దణ్ణం పెట్టాను. ఆ వంగడం వంగడం అలాగే లోపలికెళ్లిపోయాను.

పదింటికి పెట్టె లేచింది. నాన్న పెట్టె ఆపిన చోటు వచ్చింది. వాళ్లకేం తెలుసు, ఆపలేదు. ఆ దారి ముందునుంచే వెళ్లింది. నేను ముందు మోస్తున్నవాడి బూట్లు చూస్తూ నడిచాను. బూట్లకి కొత్త లేసులున్నాయి. పెద్దమ్మ లేచి నిలబడిందని, గరిటె రెండు చేతులా పట్టుకుని తల వంచిందని తర్వాత హరుయె చెప్పింది. నేనడగలేదు, తనే చెప్పింది.

మధ్యాహ్నం నుంచి మంచు పడింది. రెండు రోజుల్లో ఆ దారి పూడిపోయింది.

*

మైల నలభై తొమ్మిది రోజులు. ఏప్రిల్‌లో అయిపోయింది. గోడ కరిగి, నల్లటి బురద గట్టై, అదీ పోయింది. వీధి మళ్లీ ఎనిమిది అంగలైంది. ఇక దాటకపోవడానికి మంచూ లేదు, మైలా లేదు.

ఏటా ఆ రోజుల్లో నేను టోఫు అంగడికి వెళ్లి తొట్ల కట్లు బిగించి వచ్చేవాణ్ణి. చలికాలమంతా వాడిన తొట్టికి వెదురు కట్లు కిందికి జారతాయి. కొయ్య సుత్తితో చుట్టూ తట్టుకుంటూ పైకి తోస్తే చాలు, తొట్టికి పావుగంట పడుతుంది. గెన్‌సుకె వేడి సోయాపాలు ఒక గిన్నెలో పోసిచ్చేవాడు, అదే కూలి.

ఏప్రిల్ పదిహేనో తారీకున వాడి అంగడి ముందుకి వ్యాన్ వచ్చి తళతళలాడే స్టీలు తొట్లు రెండు దింపి వెళ్లింది. ఆ సాయంత్రం పాత తొట్లలో పెద్దది, మా నాన్న చేసినది, గెన్‌సుకె పొర్లించుకుంటూ బయటికి తెచ్చి వీధి నడుమకి దగ్గరగా పెట్టాడు. బోర్లించలేదు. పారేసేదైతే బోర్లిస్తారు. నిలబెట్టి, అందులో ఒక చెంబెడు నీళ్లు పోసి, లోపలికెళ్లిపోయాడు.

నీళ్లుంటే పలకలు తడిగా ఉబ్బి పట్టుకుంటాయి. ఎండితే ముడుచుకుంటాయి. మొదటి వారం రోజూ పొద్దున్నే ఎవరో చెంబెడు నీళ్లు పోస్తూనే ఉన్నారు. నేను నా పనిగదిలో జాలీ వెనక కూర్చుని చూసేవాణ్ణి. సుత్తి నా మోకాలి పక్కనే ఉండేది. మే నెల వచ్చింది. నీళ్లు పోయడం మానేశారు. పై కట్టు ముందు జారింది, తర్వాత నడిమి కట్టు. ఒక పలక సందులోంచి అటువైపు వెలుగు కనబడింది.

హరుయె టీ తెచ్చిపెట్టి, నా చూపు వెంబడి చూసి, "దానికేం కావాలి?" అంది.

"పావుగంట పని," అన్నాను.

జూన్‌లో, వానలు మొదలవడానికి రెండు రోజుల ముందు, మిట్టమధ్యాహ్నం, ఎవరూ ముట్టుకోకుండానే ఆ తొట్టి విడిపోయింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. పలకలు ఒకదాని తర్వాత ఒకటి బయటికి వాలి, చుట్టూ పువ్వులా పడ్డాయి. ఒక పలక జారి వీధి మధ్య దాటి ఇటువైపుకి వచ్చింది. లోపలి వైపున నాన్న తన పనికి కాల్చి వేసిన గుర్తు ఉంది.

సాయంత్రం ఎదుటివాళ్లు పలకలన్నీ ఏరి పొయ్యిలోకి తీసుకెళ్లారు. ఇటు పడ్డదాన్ని ముట్టుకోలేదు. అది మా వైపుది కదా.